తిరుపతిలో చిన్న కాంట్రాక్టరుకు మంచి పనివాళ్లు దొరకాలంటే: వెతకడం నుంచి బట్వాడా దాకా

"మంచి టైల్స్ మేస్త్రీ ఉంటే చెప్పన్నా." "ప్లంబర్ ఫోన్ ఎత్తడం లేదు, వేరే నంబరుందా?" ఈ రెండు ప్రశ్నలు వారానికోసారైనా వస్తాయి. నంబరు ఇస్తే సరిపోదు. ఇచ్చిన మనిషి నిలవడు, అడిగినాయన మళ్లీ ఫోన్ చేస్తాడు. అందుకే మనిషిని వెతకడం, చెయ్యి చూడటం, నిలుపుకోవడం వరసగా రాస్తున్నాను.

ఒకేసారి రెండు మూడు ఇళ్లు కడుతూ, పదిమంది లోపు పనివాళ్లతో నడిపే కాంట్రాక్టర్ల కోసం ఇది. తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట, చిత్తూరు వైపు పద్ధతులే ఇందులో ఉన్నాయి.

1. ముందు పని లెక్క, తర్వాత మనిషి

పనిమంతుడు మిమ్మల్ని మొదట అడిగేది కూలి కాదు. "ఎన్నాళ్ల పని ఉంది?" అని అడుగుతాడు. దానికి జవాబు లేకుండా ఫోన్ చేస్తే, పది రోజుల పని కోసం వచ్చేవాళ్లే మిగులుతారు.

ఒక కాగితం మీద వచ్చే మూడు నెలలు వారాలవారీగా గీసుకోండి. ఏ సైటులో ఏ వారం గోడలు, ఏ వారం స్లాబు, ఎప్పుడు పైపులు, ఎప్పుడు టైల్స్ అని రాయండి. ఏ పనివాడికి ఎన్ని వారాలు ఖాళీ లేకుండా పని చూపించగలరో అప్పుడు తెలుస్తుంది.

తర్వాత తేల్చుకోవాల్సింది: ఎవరిని రోజు కూలికి మన దగ్గరే పెట్టుకోవాలి, ఏ పని గుత్తకు ఇవ్వాలి? గోడ లోపల దాక్కునే పని సొంత మనిషితో చేయించాలన్నది నా అభిప్రాయం. పైపులైను, వైరింగ్, బాత్రూము వాటర్‌ప్రూఫింగ్ అలాంటివి. తప్పు ఆరు నెలల తర్వాత బయటపడుతుంది, అప్పటికి గుత్త మనిషి ఏ ఊళ్లో ఉంటాడో తెలియదు. పెయింటింగ్ గుత్తకు ఇచ్చినా ఇబ్బంది లేదు, తప్పుంటే కళ్లకు కనిపిస్తుంది. సెంట్రింగ్, కమ్మీ పని మన దగ్గర జట్లే గుత్తకు చేస్తాయి. వాటిని అలాగే ఇవ్వండి కానీ, కాంక్రీటు పోయకముందు కమ్మీలు మీరే చూసుకోవాలి.

ఇంకొక లెక్క కూడా ఉంది. ఇంటి యజమాని మీకు డబ్బు బేస్‌మెంట్‌కి ఒకసారి, స్లాబుకు ఒకసారి ఇస్తాడు. మీరు మాత్రం ప్రతి శనివారం ఇవ్వాలి. మేస్త్రీలు ఇద్దరు, హెల్పర్లు ముగ్గురు ఉన్నారనుకోండి. లెక్క కోసం మేస్త్రీకి రోజుకు 1,000, హెల్పరుకు 700 వేసుకుంటే రోజుకు 4,100. ఆరు రోజులకు 24,600. మూడు వారాలకు 73,800. మీ రేట్లతో వచ్చే ఈ మూడు వారాల మొత్తం చేతిలో లేకుండా కొత్త మనిషిని తీసుకోవద్దు.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:
- మూడు నెలల పని కాగితం మీద ఉందా?
- ఏది రోజు కూలి, ఏది గుత్త అని తేలిందా?
- మూడు వారాల కూలి విడిగా ఉందా?
- హెల్పరు ఎవరు? మేస్త్రీ తెచ్చుకుంటాడా, మీరే ఇస్తారా?

2. రేటు, షరతులు ముందే రాయండి

గొడవలు ఎక్కువగా కూలి మీద రావు, చుట్టూ ఉన్న చిన్నవాటి మీద వస్తాయి. తిరుచానూరు రోడ్డులో సైటు అని చెప్పి మూడో రోజు రేణిగుంట పొమ్మంటే పెట్రోలు ఎవరిది? స్లాబు రోజు రాత్రి ఎనిమిదైతే ఎంత? మధ్యాహ్నం వాన పడి పని ఆగితే సగమా, పూర్తా? కట్టింగ్ మిషన్ బ్లేడు అరిగితే ఎవరు కొనాలి?

ఇవన్నీ అర పేజీలో తెలుగులో రాసి ఫోన్‌లో పెట్టుకోండి. మాట్లాడేటప్పుడు అదే చదివి వినిపించి, తర్వాత వాట్సాప్‌లో పంపండి. చదవడం రాని మనిషికి వాయిస్ మెసేజ్ పెట్టండి. రేపు తేడా వస్తే ఇద్దరికీ అదే ఆధారం.

3. ఎక్కడ వెతకాలి

మొదట మీ దగ్గరున్న మంచి పనివాడినే అడగండి. మంచి మేస్త్రీ తన పేరు పోగొట్టే మనిషిని తీసుకురాడు. మనిషిని తెచ్చినందుకు వెంటనే డబ్బు ఇవ్వకండి, కొత్త మనిషి నెల నిలిచాక ఇవ్వండి.

రెండోది సామాన్ల కొట్టు. ఎలక్ట్రికల్ షాపు కౌంటర్లో కూర్చునే మనిషికి ఊళ్లో ప్రతి ఎలక్ట్రీషియన్ సంగతీ తెలుసు. ఎవరు ఐఎస్ఐ మార్కు వైరే అడుగుతారు, ఎవరు కమిషన్ కోసం బేరమాడతారు, ఎవరు బాకీ పెట్టి మొహం చాటేశారు, అన్నీ ఆయన దగ్గరుంటాయి. "మీ ఇంటికి పనికి పిలవాలంటే ఎవరిని పిలుస్తారు?" అని అడగండి. "మంచోడెవరు?" అంటే పది పేర్లు చెబుతాడు. ఇలా అడిగితే ఒకటో రెండో చెబుతాడు. టైల్స్ షోరూముల్లో, శానిటరీ కొట్లలో కూడా ఇలాగే.

మూడోది జరుగుతున్న సైట్లు. పూత వేయని గోడ ఏదైనా చూడండి, వరసలు ఎలా ఉన్నాయో కనిపిస్తుంది. నచ్చితే మేస్త్రీ నంబరు తీసుకోండి, కానీ ఆ పని అయిపోయాకే పిలవండి. సగం పనిలోంచి ఎక్కువ కూలి ఆశ చూపి లాక్కొచ్చిన మనిషి, రేపు మీ సగం పనిలోంచి అలాగే వెళ్తాడు. పైగా తిరుపతి చిన్న ఊరు. కాంట్రాక్టర్లంతా ఒకే హార్డ్‌వేర్ కొట్లో టీ తాగుతారు.

నాలుగోది ఐటీఐ. ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు, ప్లంబర్, వెల్డర్ ఏడాది. ఒక సంగతి ముందే తెలుసుకోండి: ఐటీఐ పిల్లల్ని శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలు తీసుకుంటాయి. పీఎఫ్, ఈఎస్ఐ, బస్సు అన్నీ ఇస్తాయి. వాటితో మీరు జీతంలో పోటీ పడలేరు. షిఫ్టులు పడక వెనక్కి వచ్చినవాళ్లు, సొంతంగా పని నేర్చుకుని లైసెన్సు తీసుకోవాలనుకునేవాళ్లు మీకు పనికొస్తారు. అలాంటి కుర్రాణ్ణి మంచి ఎలక్ట్రీషియన్ కింద పెడితే ఏడాదిలో చేతికొస్తాడు.

పొద్దున్నే కూలీలు నిలబడే కూడళ్లు హెల్పర్లకు బాగుంటాయి. పనిమంతుడి కోసం అక్కడికి వెళ్లడం దండగ. పుత్తూరు, నగరి దాటితే తిరుత్తణి, అరక్కోణం వైపు నుంచీ జట్లు వస్తాయి. పని బాగానే ఉంటుంది, కానీ బస, పండగలకు ఊరెళ్లే రోజులు ముందే మాట్లాడుకోవాలి.

వాట్సాప్‌లో పెట్టే మెసేజ్ ఇలా ఉండాలి:

"టైల్స్ మేస్త్రీ కావాలి. తిరుచానూరు రోడ్డులో రెండు ఇళ్లు, తర్వాత చంద్రగిరిలో ఒకటి. మూడు నెలల పని. రోజు కూలి ఇంత. శనివారం సాయంత్రం బట్వాడా. కట్టింగ్ మిషన్, హెల్పరు మావి. మొదటి రోజు ట్రయల్, దానికీ పూర్తి కూలి. సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయండి."

"ఇంత" దగ్గర నిజమైన అంకె రాయండి. "ఆకర్షణీయమైన కూలి" అని రాస్తే ఎవరూ ఫోన్ చేయరు. ఫోన్ చేసే వేళ రాయడం కూడా మరిచిపోవద్దు. గోడ మీదున్న మనిషి పగలు మాట్లాడలేడు, మాట్లాడితే అదొక ఆలోచించాల్సిన విషయం.

4. ఫోన్‌లో అడగాల్సినవి

- చివరిగా పని చేసింది ఎక్కడ, ఎవరి కింద? ఒక సైటైనా చూపించలేకపోతే అక్కడే ఆగండి.
- ఇప్పుడున్న పని ఎప్పటికి అయిపోతుంది? "రేపే వచ్చేస్తాను సార్" కన్నా "పది రోజులు ఆగితే వస్తాను" అన్నవాడు మేలు.
- ఒక్కడివేనా, జట్టుందా?
- పనిముట్లు ఏమున్నాయి? పేర్లు తడుముకోకుండా చెప్పాలి.
- ఏ పని చేయవు? దీనికి జవాబు చెప్పేవాడు నిజాయితీపరుడు. "అన్నీ చేస్తాను" అనేవాణ్ణి ట్రయల్‌లో రెండింతలు గమనించండి.

5. ట్రయల్ రోజు: మాట కాదు, చెయ్యి చూడాలి

మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇదే. ట్రయల్‌కు పూర్తి కూలి ఇవ్వండి, ఉచితంగా చేయించుకోవడం అన్యాయం, పైగా పనిమంతుడు రాడు. చెడిపోయినా నష్టం లేని చోటు ఎంచండి: కాంపౌండు గోడ మూల, స్టోర్ రూము, పని మనుషుల బాత్రూము. హాలు నేల ట్రయల్‌కు ఇవ్వకండి.

మొదటి గంట అక్కడే ఉండండి. పని మొదలుపెట్టకముందు మనిషి ఏం అడుగుతాడో వినండి. ప్లాన్ అడిగాడా, లెవెల్ ఎక్కడి నుంచి అని అడిగాడా, లేక సంచి దించి నేరుగా తాపీ పట్టాడా?

గోడ కట్టే మేస్త్రీ: 9 అంగుళాల గోడ మూల ఒకటి, నాలుగైదు వరసలు కట్టించండి. మొదటి వరస మాలు (సిమెంటు, ఇసుక కలిపినది) లేకుండా పేర్చి చూసుకుంటాడా? మట్టి ఇటుకను నీళ్లలో తడిపాడా? ప్రతి రెండు మూడు వరసలకు తూకం గుండు వేలాడదీస్తాడా, లేక కంటితో చూసి సరే అనుకుంటాడా? టీకి వెళ్లి వచ్చాక గట్టిపడ్డ మాలులో నీళ్లు పోసి మళ్లీ కలిపితే మాత్రం అదే చాలు, ఇక చూడక్కర్లేదు. సిమెంటు పట్టడం మొదలైన మాలును నీళ్లతో లేపితే బలం ఉండదు, అది తెలియని మనిషి మేస్త్రీ కాదు.

టైల్స్ మేస్త్రీ: చిన్న బాత్రూము నేల ఇవ్వండి. మొదట వాలు ఎటు అని అడగాలి. స్పేసర్లు వాడాలి, కోసిన ముక్కలు గుమ్మం దగ్గర కాకుండా మూలకు వెళ్లేలా పేర్చుకోవాలి. మర్నాడు నాణెంతో టైలు నాలుగు మూలలా తట్టండి. డొల్ల శబ్దం వస్తే కింద మాలు సరిగా పట్టలేదు. ఆరాక చెంబుడు నీళ్లు పోసి జాలీ వైపు వెళ్తున్నాయా, మూలలో నిలుస్తున్నాయా చూడండి.

ప్లంబర్: రెండు మోచేతులు (ఎల్బోలు), ఒక టీ ఫిట్టింగు ఉన్న సీపీవీసీ పైపు లైను వేయించండి. పైపు అడ్డంగా సమంగా కోయాలి, కోసిన అంచు గీకాలి, సొల్యూషన్ (అతికించే జిగురు) పైపుకూ ఫిట్టింగుకూ రెండిటికీ రాయాలి, దూర్చి పావు వంతు తిప్పి కాసేపు పట్టుకోవాలి. సీపీవీసీకి, మామూలు పీవీసీకి సొల్యూషన్ వేరు. డబ్బా చూసి తీశాడా లేదా గమనించండి. ఆరాక హ్యాండ్ పంపుతో ప్రెషర్ పెట్టమనండి, గేజ్ ముల్లు దిగకూడదు. ప్రెషర్ టెస్టు మీరు అడక్కుండా తనే ప్రస్తావించిన ప్లంబరును వదులుకోవద్దు.

ఎలక్ట్రీషియన్: ఒక స్విచ్ బోర్డు, ఒక గీజర్ పాయింటు ఇవ్వండి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజర్, ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు అని తడుముకోకుండా రావాలి. స్విచ్ ఫేజ్ మీదే ఉండాలి. ఆకుపచ్చ వైరు ఎర్తింగుకే వాడాలి, వైరు చాలక దాన్నే ఫేజ్‌గా లాగితే అక్కడే ఆపేయండి. చేతిలో టెస్టర్ ఒక్కటే ఉందా, మల్టీమీటర్ కూడా ఉందా చూడండి.

కమ్మీ పని: బీము రింగులు కట్టించండి. రింగు కొక్కెం 135 డిగ్రీలు లోపలికి వంగాలి, 90 దగ్గర వదిలేస్తే బద్ధకం. కమ్మీ కాంక్రీటు అంచుకు తగలకుండా కింద పెట్టే కవర్ బ్లాకులు ఎక్కడ ఎంత అని అడగండి: సాధారణంగా స్లాబుకు 20, బీముకు 25, పిల్లరుకు 40, ఫుటింగుకు 50 మిల్లీమీటర్లు. రాళ్లముక్కలు పెట్టి సర్దేవాళ్లు చాలామందే ఉన్నారు.

పెయింటరు, వడ్రంగి విషయంలో ఇంత అక్కర్లేదు. ఒక తలుపు, ఒక గోడ చాలు.

సాయంత్రం ఒక పని చేయండి. ఏదో ఒక చిన్న లోపం చూపించండి. "మేస్త్రీ, ఈ మూల కొంచెం బయటికి వచ్చినట్టుంది?" అనండి. "పూతలో కలిసిపోతుందిలే సార్" అన్నవాడు ఒకరు. గుండు వేలాడదీసి, "అవును, రెండు వరసలు తీసి కడతాను" అన్నవాడు ఇంకొకరు. రెండోవాడి చెయ్యి కొంచెం నెమ్మదైనా తీసుకోండి. చేతి వేగం నెలలో పెరుగుతుంది, ఈ బుద్ధి నేర్పితే రాదు.

6. పాత చోట ఒక ఫోన్

ఇదివరకటి కాంట్రాక్టరునో ఇంటి యజమానినో రెండే అడగండి. "మళ్లీ పిలుస్తారా?" "అడ్వాన్స్ లెక్క సరిగ్గా తేలిందా?" పనితనం మీరు కళ్లారా చూశారు, దాని గురించి అడగనక్కర్లేదు.

7. కాగితాలు

- ఆధార్ జిరాక్స్, బ్యాంకు ఖాతా లేదా ఫోన్ పేమెంట్ నంబరు, ఇంటి దగ్గర ఒకరి నంబరు. అసలు ఆధార్ కార్డు మీ దగ్గర పెట్టుకోవద్దు.
- వయసు 18 నిండాలి. "మా తమ్ముడు సార్, నేర్చుకుంటాడు" అని తెచ్చిన పదహారేళ్ల పిల్లాణ్ణి సైటు మీదకు రానివ్వకండి.
- ఎలక్ట్రీషియన్‌కు వైర్‌మెన్ పర్మిట్ ఉందా? వైరింగ్ లైసెన్సున్న కాంట్రాక్టరు కింద, పర్మిట్ ఉన్న మనిషి చేయాలన్నది నియమం. కరెంటు సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం మన తిరుపతిలోనే ఉంది, సర్వీసు కనెక్షన్ వేళ అటూ ఇటూ తిరిగేకన్నా ముందే చూసుకోవడం నయం.
- భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరుందా? 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసిన మనిషి అర్హుడు. పని చేశాడని మీరిచ్చే కాగితం అక్కడ పనికొస్తుంది. అడక్కముందే ఇవ్వండి.
- ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. ప్రతి ఒక్కరి చేతా కట్టించండి. ఇది మీ బాధ్యతకు బదులు కాదు. సైటులో ప్రమాదం జరిగితే పరిహారం మీ మీదే పడుతుంది, కాబట్టి మీ పేరున కార్మికుల పరిహార పాలసీ వేరే తీసుకోండి.

పది మందికి చేరితే ఈఎస్ఐ, ఇరవైకి చేరితే పీఎఫ్ లెక్కలోకి వస్తాయి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కనుక, మనుషుల్ని పెంచేముందు కార్మిక శాఖ కార్యాలయంలో ఒకసారి కనుక్కుని రండి.

8. మొదటి నెల: అడ్వాన్స్, బట్వాడా

మంచి మనిషి వెళ్లిపోయేది కూలి తక్కువై కాదు, శనివారం "సోమవారం చూద్దాంలే" అన్న మాటకు. వారం కూలి ఇచ్చేవాళ్లు వారపు సెలవుకు ముందు, చివరి పని రోజునే ఇవ్వాలని వేతనాల కోడ్ కూడా చెబుతుంది. యజమాని డబ్బులు ఇవ్వలేదన్నది మీకూ ఆయనకూ మధ్య విషయం, మేస్త్రీకి సంబంధం లేదు.

మస్టర్ (హాజరు) పుస్తకం ఒకటి పెట్టండి. రోజూ సాయంత్రం పేరు, పూర్తి రోజా సగం రోజా, తీసుకున్న డబ్బు రాసి, శనివారం మనిషి ముందే లెక్క చదివి సంతకం తీసుకోండి. ఫోన్‌లో పంపినా పుస్తకంలో రాయాల్సిందే.

అడ్వాన్స్ దగ్గర అందరికీ టెన్షన్. నా పద్ధతి ఇది:
- మొదటి రెండు వారాలు అడ్వాన్స్ లేదు. ఈ మాట ఫోన్‌లోనే చెప్పాలి.
- తర్వాత ఒక వారం కూలికి మించి ఇవ్వను.
- నాలుగు వారాల్లో కొంచెం కొంచెంగా పట్టుకుంటాను. అన్నిరకాల కోతలూ కలిపి కూలిలో సగం దాటకూడదన్నది చట్టం.
- ఆసుపత్రి, పిల్లల ఫీజు అయితే ఈ లెక్క పక్కన పెడతాను.

అడ్వాన్స్ తీరేదాకా వెళ్లడానికి వీల్లేదని మనిషిని ఆపడం, కాగితాలు లాక్కోవడం వెట్టిచాకిరీ కిందకి వస్తుంది. 1976 నుంచే దానికి చట్టం ఉంది. పోతే పోయే మొత్తమే అడ్వాన్స్‌గా ఇవ్వండి, అప్పుడు ఆ అవసరమే రాదు.

9. ఎవరూ రాని రోజుల క్యాలెండర్

సంక్రాంతికి వారం ముందు నుంచే జట్లు పల్చబడతాయి. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర, తమిళనాడు వైపు వాళ్లకు ఆడి కృత్తిక, ముహూర్తాలున్న నెలల్లో పెళ్లిళ్లు. నవంబర్, డిసెంబర్‌లో వానలు. ఇవన్నీ మొదటి సెక్షన్లో గీసిన మూడు నెలల కాగితం మీద ముందే గుర్తు పెట్టండి.

స్లాబు తేదీ పండగ ముందు రోజు పెట్టకండి. కాంక్రీటు పోసి అంతా ఊరెళ్తే నీళ్లు కొట్టే మనిషి ఉండడు. వానల వారాలకు లోపలి పని దాచిపెట్టుకోండి: వైరింగ్, బాత్రూము టైల్స్, పైపులు. వాన అని ఇంట్లో కూర్చోబెట్టిన మనిషికి పక్క సైటు నుంచి ఫోన్ వస్తుంది.

10. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

పాత మేస్త్రీ కన్నా కొత్త మేస్త్రీకి ఎక్కువ ఇవ్వడం: రెండో రోజుకే అందరికీ తెలుస్తుంది. కొత్త రేటు పెంచక తప్పకపోతే పాతవాళ్లకూ అదే రోజు పెంచండి.

పనిమంతుడితో ఇసుక మోయించడం: హెల్పరు రాలేదని టైల్స్ మేస్త్రీ చేత మాలు కలిపిస్తే రోజు కూలి దండగ, మనిషికి మనసు విరుగుతుంది. హెల్పర్ల నంబర్లు ఇద్దరివి ఎక్కువే ఉంచుకోండి.

ఇంటి యజమాని నేరుగా పని చెప్పడం: "ఇక్కడ ఇంకో ప్లగ్ పెట్టు బాబూ" అంటాడు, ఎలక్ట్రీషియన్ పెడతాడు, తర్వాత బిల్లు దగ్గర గొడవ. మార్పు ఏదైనా మీ ఫోన్‌కు మెసేజ్ వచ్చాకే చేయాలని ఇద్దరికీ మొదటి రోజే చెప్పండి.

అందరి ముందు తిట్టడం: తప్పు పని విప్పించండి, కానీ మేస్త్రీని హెల్పర్ల ముందు అనకండి. పక్కకు పిలిచి చెబితే విప్పి కడతాడు, అందరి ముందు అంటే సంచి సర్దుకుంటాడు.

ఒక్కడి మీదే ఆధారపడటం: ఒక్కో పనికి రెండో మనిషి నంబరు ఉండాలి. ఖాళీ ఉన్నప్పుడు రెండు మూడు రోజుల చిన్న పనికైనా పిలుస్తూ ఉండండి.

వెళ్తానన్న మనిషిని బతిమాలడం లేదా బెదిరించడం: రెండూ వద్దు. లెక్క తేల్చి మిగిలింది రెండు పని దినాల్లోపు ఇచ్చేయండి, కోడ్ చెప్పే గడువూ అదే. నంబరు పక్కన ఏ పని, ఏ సైటు, చివరి రేటు ఎంత అని రాసుకోండి. వచ్చే సైటు మొదలయ్యే నెల ముందు ఒక ఫోన్ చేయండి.